ద్వారబంధం మీది వరద గీత

"పది గంటలకు ఆవిడ వస్తుంది. రాగానే చెప్పేస్తాను," అంది అక్క.

తమ్ముడు నోటిదాకా తీసుకెళ్ళిన రొట్టెముక్కను కంచంలో పడేసి లేచిపోయాడు. చెయ్యి కూడా కడుక్కోలేదు. పెరటి తలుపు దభాలున మూసుకుంది. మరుక్షణమే రంపం చప్పుడు మొదలైంది. కోపమొస్తే ఎదుటిమనిషిని ఏమీ అనకుండా ఏదో ఒక చెక్కను కోసెయ్యడం ఆ వడ్రంగికి చిన్నప్పటినుంచీ ఉన్న గుణం. ఈ వారంలో ఆ పెరట్లో పొయ్యిలోకి తప్ప దేనికీ పనికిరాని ముక్కలు కుప్పలుగా పడ్డాయి.

"చెప్తానంటున్నావు సరే వదినా, ఏమని చెప్తావు?" అంది అప్పుడే చిన్నకూతుర్ని బడికి పంపి వచ్చిన మరదలు, సగం తిన్న కంచం మీద మూత పెడుతూ.

"ఉన్నమాటే చెప్తాను."

"ఆ ఉన్నమాటేదో ముందు మీ ముగ్గురూ కూర్చుని తేల్చుకోండి. ఆయనొకటంటారు, నువ్వొకటంటావు, అత్తయ్య పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి అంటారు. మధ్యలో నాకు పిచ్చెక్కుతోంది."

గోడవార బల్ల మీద టీ తాగుతున్న అమ్మ గ్లాసు దించింది. "నేనెప్పుడు మాట మార్చానే? మూరెడు కోశారన్నాను. ఇప్పటికీ మూరెడే అంటున్నాను."

"నిన్న జానెడన్నావు," అంది అక్క.

"నిన్న నాకు నడుం నొప్పిగా ఉంది."

నడుం నొప్పికీ ద్వారబంధం కొలతకూ సంబంధమేమిటని ఎవరూ అడగలేదు. అడిగితే ఇంకో కొలత బయటికొస్తుందని భయం.

గొడవంతా ముందు వైపు, అక్క బడ్డీల మీద ఎండకు కప్పే పరదాలు కుట్టే కొట్టు గుమ్మానికున్న పాత చేవకర్ర ద్వారబంధం గురించే. దాని ఎడమ చెక్క మీద ఐదు గీతలున్నాయి. ఏరు పొంగిన ప్రతిసారీ నీళ్ళు ఎంతవరకు వచ్చాయో చూసి, నాన్న బతికున్న రోజుల్లో మేకుతో గీసి, పక్కనే సంవత్సరం చెక్కాడు. అన్నిటికన్నా పై గీత ఇరవయ్యారేళ్ళ కిందటి పెద్ద వరదది. మళ్ళీ అంత వరద రాలేదు. ఊరి ఆఫీసులో వరద వివరాలు రాసిపెట్టుకున్న కాగితాలన్నీ ఆ వరదలోనే కొట్టుకుపోయాయి. అంచేత నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయని అడిగితే చూపించడానికి ఊరు మొత్తానికి మిగిలింది ఆ గీతొక్కటే.

కిందటివారం వచ్చిన ఇంజనీరమ్మ ఆ గీత చూసి ఎగిరి గంతేసినంత పని చేసింది. ఏటి ఒడ్డున కట్టబోయే కొత్త సంత అరుగు ఎంత ఎత్తుండాలో దాన్ని బట్టే ఖాయం చేసింది. అక్క పొంగిపోయి ఆవిడకు టీ ఇచ్చి, నాన్న కబుర్లు చెప్పి, వీధి చివరిదాకా వెళ్ళి సాగనంపింది.

మర్నాడు కొట్టు ఊడుస్తుంటే గుర్తొచ్చింది. పెద్ద వరద పోయిన ఏడాదికి ఆ ద్వారబంధం అడుగుభాగం పుచ్చిపోయింది. మంచి కర్రను పారేసే వంశం కాదు వాళ్ళది. నాన్న దాన్ని గోడలోంచి పీకించి, పుచ్చిన మేరకు కాళ్ళు కోయించి, మళ్ళీ అక్కడే నిలబెట్టించాడు. కోసిన కాళ్ళను పొయ్యిలో పెట్టి స్నానానికి నీళ్ళు కాచుకున్నారు కూడా. కాళ్ళు కోసిన ద్వారబంధం కిందికి దిగుతుంది. దాంతోపాటు దాని మీది గీతా దిగుతుంది. దిగిన గీతను చూసి అరుగు కడితే ఆ అరుగు నీళ్ళలో మునుగుతుంది.

కోసింది ఎవరో కాదు, అప్పటికి పదహారేళ్ళున్న తమ్ముడే.

ఎంత కోశాడన్నదే ఇప్పుడు తేలడంలేదు.

*

అక్క పెరట్లోకి వెళ్ళింది. కొత్త సంత కోసం తమ్ముడు చేస్తున్న నలభై బడ్డీల చట్రాలు గోడ పొడుగునా నిలబెట్టి ఉన్నాయి. రంపపు పొట్టు పాదాలకు అంటుకుంటోంది.

"ఒరేయ్, నీతో మాట్లాడాలి."

"మాట్లాడు. చెవులు ఖాళీగానే ఉన్నాయి." రంపం ఆగలేదు.

"ఎంత కోశావురా ఆ రోజు?"

"గుర్తులేదు."

"నాన్న నీ చేతికి రంపమిచ్చి కొయ్యమన్న మొదటి చెక్కరా అది. వారం రోజులు ఊరంతా చెప్పుకుని తిరిగావు. నీకు గుర్తులేకపోవడమేమిటి?"

రంపం ఆగింది. తమ్ముడు వీపు తిప్పలేదు.

"జానెడు," అన్నాడు. "సరేనా? జానెడు కోశాను. తర్వాత కొట్లో బండలు పరిచాం కదా. అవీ జానెడు మందమే. కింద జానెడు పోయింది, నేల జానెడు లేచింది. చెల్లుకు చెల్లు. గీత ఉన్నచోటే ఉంది. ఇంకేం కావాలి నీకు?"

అక్క ఆలోచించింది. వేళ్ళ మీద జానెడు తీసేసింది, జానెడు కలిపింది. నిజమేననిపించింది. అంతలోనే కాదేమోననిపించింది. గుడ్డ సంగతయితే ఆవిడకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అంచు ఎంత మడిస్తే పరదా ఎంత పొట్టవుతుందో కంటితోనే చెప్పేస్తుంది. కర్రా, రాయీ, నీళ్ళూ కలిసేసరికి బుర్ర పనిచెయ్యడం మానేసింది.

"బండలు ముందు పరిచామా, తర్వాతా?"

"ముందయితేనేం, తర్వాతయితేనేం?"

"ఏమో. తేడా ఉంటుందనిపిస్తోంది."

"అనిపిస్తోందట!" తమ్ముడు ఇటు తిరిగాడు. "నీకు అనిపించిందని సోమవారం జరగాల్సిన సిమెంటు పని ఆపేస్తారా? ఆపితే మళ్ళీ మొదలుపెడతారనుకుంటున్నావా? ఈ లోయలో ఇలాంటి ఊళ్ళు మూడున్నాయక్కా. మూడింట్లోనూ సంతలు చచ్చిపోయాయి. ఈ ఏడు ఒక్క ఊరికే పని. మన దగ్గర తేడా వచ్చిందని తెలిస్తే చాలు, ఎగువ ఊరివాళ్ళు తన్నుకుపోతారు. కాచుకుని కూర్చున్నారు."

"నాకు తెలీదంటావా?"

"తెలిస్తే నోరు మూసుకుని కూర్చో. పెద్దరోడ్డు ఊరి పక్కనుంచి పోయినప్పటినుంచీ ఈ వీధిలో ఏడాదికి రెండు కొట్లు మూతపడుతున్నాయి. మనదెన్నోదో చూసుకున్నావా? నీ పరదాలు ఎవడు కొంటాడు? నా బడ్డీలు పొయ్యిలో పెట్టుకోనా?"

"నాకు మాత్రం సంత రావద్దనా? నలభై పరదాల్లో ముప్పై ఒకటి కుట్టేశాన్రా!" అక్క గొంతు పెరిగింది. "నీళ్ళొస్తే ఆ అరుగు మీద మనుషులుంటారు. పిల్లాజెల్లా ఉంటారు."

"ఇరవయ్యారేళ్ళలో వచ్చిందా?"

"రాలేదని ఇక రాదా?"

"ఏమో, నన్నడుగుతావేం? వెళ్ళి ఏటినడుగు."

ఇద్దరూ నిలబడ్డారు. తమ్ముడు మళ్ళీ రంపం తీసుకున్నాడు గానీ కొయ్యలేదు. చేతిలో పట్టుకుని దాని పళ్ళ వంక చూస్తూ ఉండిపోయాడు.

అతను అబద్ధమాడుతున్నాడా, నిజంగానే మరిచిపోయాడా అన్నది అక్కకు అర్థంకాలేదు. ఎత్తుకుని పెంచిన తమ్ముడు. వాడి మొహంలో ఏముందో ఎప్పుడూ ఇట్టే పట్టేసేది. ఇవాళ ఎంత చూసినా ఏమీ కనిపించలేదు.

*

కొట్లో మిషను ముందు కూర్చుంది. ముప్పై రెండో పరదా. ఆకుపచ్చా తెలుపూ చారలు. నాలుగు మూరలు కుట్టాక చూసుకుంటే కుట్టు వంకరగా పోయింది. పాతికేళ్ళలో ఆవిడ వంకర కుట్టు వెయ్యలేదు. విప్పడం మొదలుపెట్టింది.

మొగుడికి ఫోను చేసింది. ఆయన దూరపు బస్సులు తోలుతాడు. పదిహేను రోజులకోసారి ఇంటికొస్తాడు.

"చెప్పనా, వద్దా?" అంది, పలకరింపు కూడా లేకుండా.

"నువ్వేమనుకుంటున్నావు?"

"తెలిస్తే మిమ్మల్నెందుకు అడుగుతాను?"

"చెప్తే తమ్ముడికి కోపం. చెప్పకపోతే నీకు నిద్రుండదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం."

"సామెత చెప్పమని ఫోను చెయ్యలేదు."

"మరేం చెప్పమంటావే? బ్రేకు సంగతడుగు, గేరు సంగతడుగు, చెప్తాను. ఉండుండు, జనం ఎక్కుతున్నారు." ఫోను పెట్టేశాడు.

గింజల పెద్దాయన నవ్వుకుంటూ లోపలికొచ్చాడు. ఎదురుగా విత్తనాల కొట్టు ఆయనదే. వీధిలో కొట్లవాళ్ళందరికీ పెద్ద. ఆఫీసుల చుట్టూ రెండేళ్ళు తిరిగి తిరిగి, చెప్పులరగదీసి, ఈ సంత పథకం ఊరికి తెచ్చింది ఆయనే.

"ఏమ్మా పరదాలక్కా, మొదటి బడ్డీకి ఈ చారల పరదానేనా?"

"అవును బాబాయ్."

"బాగుంది, బాగుంది. నిన్న మంగలి ఏమన్నాడో తెలుసా? రెండో కుర్చీ కొంటాడట! ఆరేళ్ళుగా ఉన్న ఒక్క కుర్చీలో తనే కూర్చుని కునికేవాడు." పెద్దాయన ద్వారబంధం దగ్గరకెళ్ళి పై గీతను వేలితో నిమిరాడు. "మీ నాన్న మహానుభావుడమ్మా. పోయి పన్నెండేళ్ళయినా ఊరికి పనికొస్తున్నాడు."

అక్క విప్పుతున్న దారం తెగింది. ఏదో ఒకటి అనాలి. "టీ తాగుతారా బాబాయ్?" అంది.

"తర్వాత, తర్వాత. ఇంజనీరమ్మ వస్తోందిగా, అప్పుడు తాగుదాం." ఆయన వెళ్ళిపోయాడు.

ఆయన మొహంలో ఆ సంతోషం చూశాక అక్కకు ఏడుపొచ్చినంత పనైంది. చెప్పకూడదనుకుంది. రెండు నిమిషాలు నిజంగానే ఆ నిర్ణయంతో హాయిగా ఉంది. తర్వాత అరుగు మీద తన పరదాలూ, వాటి కింద మనుషులూ, వాళ్ళ నడుముల దాకా బురదనీళ్ళూ కళ్ళ ముందు మెదిలాయి. చెప్పెయ్యాలనుకుంది. అంతలోనే, గీత నిజంగా సరైనదే అయితే? అనవసరంగా నోరుజారి ఊరి నోట్లో మట్టికొట్టినదాన్నవుతానే!

అమ్మ కర్ర పట్టుకుని కొట్లోకొచ్చి కూర్చుంది.

"అమ్మా, ఒక్కసారి నిదానంగా గుర్తు తెచ్చుకుని చెప్పు. బండలు పరిచింది ఎప్పుడు?"

"పెళ్ళికి."

"ఎవరి పెళ్ళికి? నా పెళ్ళికా, వాడి పెళ్ళికా?"

అమ్మ కర్ర చివరతో బండను తట్టింది. "భోజనాలకు వంటవాడు ఉప్పెక్కువ వేశాడు చూడు, ఆ పెళ్ళికి."

"రెండు పెళ్ళిళ్ళకూ వాడే వండాడమ్మా. రెండింట్లోనూ ఉప్పెక్కువే వేశాడు."

"అయితే నాకెలా తెలుస్తుందే!" అంది అమ్మ చిరాగ్గా.

*

ఇంజనీరమ్మ పదికి పది నిమిషాల ముందే వచ్చింది. పొడుగుమనిషి. కిందటివారం లాగే గుమ్మం పైచెక్కకు నుదురు కొట్టుకుంది.

"అబ్బా! మీ ఇంట్లో నన్ను రెండుసార్లు కొట్టింది ఇదొక్కటే అక్కా," అని నవ్వుతూ నుదురు రుద్దుకుంది. "సోమవారం సిమెంటు పోస్తున్నాం. అంతా సిద్ధం. ఒక చిన్న సంతకం మిగిలిపోయింది."

కాగితం తీసి మిషను బల్ల మీద పెట్టింది. పెద్ద వరద వచ్చినప్పుడు ఈ గీత గీశారనీ, ఆ రోజునుంచీ ఈ రోజు వరకూ అది ఉన్నచోటే ఉందనీ ఇంటివాళ్ళుగా తెలియజేస్తున్నామనీ ఉంది అందులో. నాలుగే నాలుగు వాక్యాలు. ఒక మూల పేరు రాయడానికి గీత.

"ఫైల్లో ఉండాలంతే. చదువుకుని పెట్టండి, తొందరేం లేదు."

మరదలు టీ తెచ్చి పెట్టి, వెళ్ళకుండా తలుపు వార నిలబడింది. పెరట్లో రంపం చప్పుడు లేదు.

అక్క కలం తీసుకుంది. కాగితాన్ని రెండుసార్లు చదివింది. మూడోసారి చదవబోతే అక్షరాలు కనపడలేదు. కలం బల్ల మీద పెట్టేసింది.

"మేడమ్, ఇది కోశాం."

"ఏది?"

"ఈ గుమ్మం. అంటే దీని కాళ్ళు. పుచ్చిపోతే మా నాన్న కోయించి మళ్ళీ పెట్టించాడు. గీతలు గీసిన తర్వాతే. ఎంత కోశామో తెలీదు. తమ్ముడు జానెడంటాడు, అమ్మ మూరెడంటుంది. బండలు కూడా వేశాం, ముందో తర్వాతో తెలీదు. గీత సరైనదే కావచ్చు. కాకపోవచ్చు. నాకేమీ తెలీడంలేదు మేడమ్. సంతకం మాత్రం పెట్టలేను." ఊపిరి తీసుకోకుండా చెప్పేసింది.

ఇంజనీరమ్మ మొహంలో నవ్వు పోయింది. కోప్పడలేదు. గ్లాసు పక్కన పెట్టి గుమ్మం దగ్గరకెళ్ళి కిందికి చూసింది. తర్వాత పైకి చూసింది. ఇందాక తగిలిన దెబ్బ మీద మళ్ళీ చెయ్యి వేసుకుంది.

"కింద కోసి నిలబెడితే ఇది కిందికి దిగాలి. దిగితే పైన ఆ మేరకు ఖాళీ మిగలాలి. అంతే కదక్కా? బండలతో మనకు పనిలేదు, అవి ఎప్పుడు వేసినా దిగిన మేర మారదు. పైన ఏముందో చూస్తే తెలిసిపోతుంది."

అందరూ పైకి చూశారు. పైచెక్క మీద గోడ పూత మిగతా గోడ మీది పూత కన్నా నున్నగా ఉంది. పాతికేళ్ళుగా రోజుకు వందసార్లు ఆ గుమ్మంలోంచి తిరిగినా, తల పైకెత్తి చూడాలని అక్కకు ఒక్కసారీ తోచలేదు.

"మనిషిని పిలిపించి కొంచెం పగలగొట్టించవచ్చా?" అడిగింది ఇంజనీరమ్మ.

"ఎవరినీ పిలవక్కర్లేదు."

తమ్ముడు. చేతిలో ఉలీ సుత్తీ ఉన్నాయి. ఎప్పుడొచ్చాడో, ఎంతసేపటినుంచి వింటున్నాడో.

"నేను పూసిన పూత. ఇంకొకళ్ళు కొడితే గోడంతా రాలిపోతుంది," అన్నాడు. అక్క వంక చూడకుండా బల్ల లాక్కుని ఎక్కాడు.

సుత్తి దెబ్బలు వీధంతా వినిపించాయి. పెచ్చులూడి పడుతుంటే కొట్లవాళ్ళు ఒక్కొక్కళ్ళే వచ్చి గుమ్మం బయట మూగారు. గింజల పెద్దాయన అందరినీ తోసుకుని ముందుకొచ్చాడు. పూత కింద ఇటుక ముక్కలున్నాయి. మట్టీ, ముక్కలూ నిండుగా కూరి ఉన్నాయి. తమ్ముడు ఒక్కొక్కటే తీసి కింద పడేశాడు. చివరికి పాత రాతిదూలం బయటపడింది. ద్వారబంధం ఒకప్పుడు ఆని ఉన్న చోట రాయి మీద నల్లటి అచ్చు ఇంకా ఉంది.

ఇంజనీరమ్మ టేపు అందించింది. తమ్ముడు తీసుకోలేదు.

"అడుగున్నర," అన్నాడు.

ఆవిడే బల్లెక్కి కొలిచింది. సరిగ్గా అడుగున్నర. వెంట్రుకవాసి తేడా లేదు.

"గుర్తులేదన్నావు కదరా," అంది అక్క, మెల్లగా.

"గుర్తుంది కాబట్టే లేదన్నాను." బల్ల దిగి ఉలికంటిన మట్టిని చొక్కాకు తుడుచుకున్నాడు. "బండలు నా పెళ్ళికి వేశాం. అంగుళం మందం. ఇంకేమైనా అడగాలా?"

మరదలు పమిట నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇంజనీరమ్మ పుస్తకంలో రాసుకుని, ఫోను తీసి ఎవరితోనో రెండు ముక్కలు మాట్లాడింది. సోమవారం పని ఆపమంది. అడుగున్నర ఎత్తు పెరిగితే పునాది మారుతుందనీ, మెట్లు మారతాయనీ, పై ఆఫీసు మళ్ళీ ఒప్పుకోవాలనీ, వాళ్ళు ఏమంటారో తను చెప్పలేననీ అంది. నిజం చెప్పినందుకు అక్కకు కృతజ్ఞతలు కూడా చెప్పింది.

ఆ మాట గింజల పెద్దాయనకు పుండు మీద కారం చల్లినట్టయింది.

"ఎవరడిగారమ్మా నిన్ను?" అని అక్క మీద విరుచుకుపడ్డాడు. "రెండేళ్ళు తిరిగాను నేను! అరవై ఎనిమిదేళ్ళ వయసులో, ఒక్కో ఆఫీసు మెట్లూ ఎక్కీ దిగీ! నోటికాడి కూడు లాగేశావు కదమ్మా. ఎగువ ఊరివాళ్ళు ఇవాళ పండగ చేసుకుంటారు. ఉండబట్టలేకపోయావా? వారం రోజులు, ఒక్క వారం నీ నోరు..."

"నోరు మూసుకోవాల్సింది నేను," అన్నాడు తమ్ముడు. "కొలత చెప్పింది నేను. నన్ననండి, అక్కనంటారేం?"

అక్క తలెత్తి తమ్ముడి వంక చూసింది. వారం తర్వాత వాడు తన పక్క నిలబడి మాట్లాడాడు. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

పెద్దాయన అతని మీదికి తిరిగాడు. ఏదో అనబోయి నోరు తెరిచాడు. ద్వారబంధం మీది గీతను చూశాడు. పైన తెరుచుకున్న ఖాళీని చూశాడు. మళ్ళీ గీతను చూశాడు. మొహంలో రంగు మారింది.

"అయితే... మా గోదాము?" అన్నాడు.

"మీ గోదాముకేమైంది?" అడిగింది ఇంజనీరమ్మ.

"దాని నేల ఈ గీత చూసే లేపించానమ్మా. గీత కన్నా బెత్తెడు ఎత్తు. వీళ్ళ నాన్నే దగ్గరుండి కొలిచిచ్చాడు. విత్తనాలన్నీ అందులోనే. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వచ్చే పంటకు దాచుకున్నవి కూడా."

బయట నిలబడ్డవాళ్ళలో మంగలి గొంతు సవరించుకున్నాడు. "మా ఇంటి వెనక గది కూడా ఇది చూసే కట్టాం. మా అమ్మ మంచం పట్టి అందులోనే ఉంది," అన్నాడు.

"మందుల షాపువాళ్ళూ అంతే," అన్నారు ఇంకెవరో.

ఇంజనీరమ్మ పుస్తకంలో కొత్త పేజీ తిప్పింది. వానలకు ఇంకెంత గడువుందో వేళ్ళ మీద చూసుకుంది. ఆరు వారాలు.

"ఇంకా? ఈ గీతను నమ్మి కట్టినవి ఇంకా ఏమున్నాయి? ఆలోచించి చెప్పండి."

అమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. కర్ర నేలకు తాటించి, "బడి," అంది.

"ఏ బడి?"

"పిల్లల బడే. పాతది వరదలో పోతే మళ్ళీ కట్టలేదూ? ఎంత ఎత్తు లేపాలో అప్పుడు మా కొలతే అడిగారు. ఆయనకా రోజు జ్వరం. వెళ్ళలేకపోయాడు."

"మరి ఎవరిచ్చారు కొలత?"

అమ్మ జవాబు చెప్పబోయి, ఎందుకో ఈసారి ఆగిపోయింది. తమ్ముడు అక్క వంక చూశాడు. ఆ చూపులో కోపం ఇసుమంతైనా లేదు. అందుకే అక్కకు భయమేసింది.

"మన చిన్నది ఇప్పుడా బళ్ళోనే కదా ఉంది," అంది మరదలు తలుపు వారనుంచి, ఎవరితో అంటోందో తనకే తెలియకుండా.

అక్క చెయ్యి చాచి మిషను బల్ల పట్టుకుంది. బల్ల మీద ఉన్న టీ ఒలికింది. ఎవరూ తుడవలేదు.

గుమ్మం కాళ్ళు కోసిన రెండేళ్ళకు, పెళ్ళయిన కొత్తలో, ఇరవై మూడేళ్ళ వయసులో, తను ఆ గీతను కొలుచుకుని, మెడలో టేపు వేసుకుని, ఏటి గాలికి జుట్టు రేగుతుంటే బడి పునాదుల దగ్గరకు నడిచి వెళ్ళింది. హెడ్మాస్టరు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని మళ్ళీ చెప్పమన్నాడు. ఆయన తప్పు రాసుకుంటాడేమోనని, "మూడడుగుల రెండంగుళాలండీ, మూడడుగుల రెండంగుళాలు" అని రెండుసార్లు గట్టిగా చెప్పింది. ఈ వారం మొత్తంలో అక్కకు అనుమానమన్నదే లేకుండా గుర్తొచ్చింది అదొక్కటే.